పాము కుబుసము – గాలిలోని తేమ

కొన్ని సంవత్సరముల క్రిందట, ఎండలు ముదురుచున్న దినములలో, బాలుడొకడు చెరువుగట్టున దొరికిన నీరుకట్టె పాముపిల్లను గాజుతొట్టిలో పెట్టి తరగతికి తెచ్చెను. తొట్టికి మూతగా ఇనుప జల్లెడ, అడుగున ఎండుగడ్డి, ఒక మూలను చిన్న గిన్నెలో నీరు. విషము లేని జాతియే గదా, పిల్లలు రెండు దినములు చూచి నేర్చుకొందురని తలచి, నేను దానిని కిటికీ దగ్గర బల్లపై నుంచనిచ్చితిని. మూడవనాటి ఉదయమున చూడగా దాని ఒంటిపై కుబుసము పేలికలు పేలికలుగా చిరిగి అంటుకొని యుండెను. కన్నులు రెండును తెల్లని పొరతో మూసికొని యుండెను. ఆ సాయంకాలమే దానిని చెరువునొద్ద విడిచి వచ్చితిమి. అది బ్రదికెనో లేదో తెలియదు. తప్పు బాలునిది కాదు, నాది. త్రాగుటకు నీరున్నది, ఇంకేమి కావలెనని నేననుకొంటిని. పామునకు గిన్నెలోని నీటితోబాటు గాలిలోని తేమయు కావలెనని అప్పుడు నాకు తట్టలేదు.

మన సీమలో పాము పూజనీయము. గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థములో వందలకొలది నాగశిలలు నిలిపియున్నారు. మన ఇండ్ల స్త్రీలు పుట్టలో పాలు పోయుదురు. అయితే పాలు పామునకు ఆహారము కాదు. పాములవాని బుట్టలోని నాగు పాలు త్రాగెనన్న, దినములకొలది నీరులేక దప్పిచే ఎండిపోయిన ప్రాణి ఏ ద్రవము దొరికినను త్రాగుటయే గాని వేరు కాదు. ఈ మాట వలన ఎవరి భక్తికిని లోపము కలుగదని నమ్ముచున్నాను.

తేమ యననేమో శిడ్లఘట్ట, చింతామణి వైపు తల్లిదండ్రులకు నేను క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. పట్టుపురుగులను పెంచు ఇంటిలో గోడకు రెండు ఉష్ణమాపకములు ప్రక్కప్రక్కన తగిలించి యుండును. ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టియుండును. గాలి పొడిగా నున్నకొలది ఆ గుడ్డలోని నీరు వేగముగా ఆవిరియగును. ఆవిరియగుచు వేడిని లాగికొనును. అందువలన ఆ మాపకము తక్కువ అంకె చూపును. రెండు అంకెలకు నడుమ భేదమెంత ఎక్కువయో గాలి అంత పొడియన్నమాట. చాకీ పురుగులకు 26 మొదలు 28 డిగ్రీల వేడిమియు, 80 మొదలు 90 శాతము తేమయు ఉండవలెనని మీ ఇంటి పిల్లలే చెప్పగలరు. ఈ శాతము నేలపై చల్లిన నీటి కొలత కాదు. ఆ వేడిమిలో గాలి మోయగల ఆవిరిలో ఎన్నవ వంతు నిజముగా నున్నదో తెలుపు లెక్క.

ఇందులోనే ఒక చిక్కున్నది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని పట్టుకొనును. 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాములు పట్టుకొనును. నందికొండమీద వేకువజామున మంచు కమ్మినపుడు గాలి నిండుకుండ వలె నుండును, అనగా నూటికి నూరు. అదే గాలి 20 డిగ్రీల నుండి 30 డిగ్రీలకు వేడెక్కినచో, దానిలోని నీరు చుక్కయైనను పోకున్నను, తేమ దాదాపు 55 శాతమునకు దిగును. బాగేపల్లి ఎండలో మధ్యాహ్నమునకు ఇంకను దిగును. కిటికీ దగ్గర నేనుంచిన గాజుతొట్టిలో జరిగినది ఇదియే. ఎండ గాజును కాచెను, వేడిగాలి జల్లెడగుండ పైకి పోయెను, గిన్నెడు నీరు దానికి చాలకపోయెను.

పాము పెరుగుచున్నంతకాలము పైపొర విడుచుచునే యుండును. విడుచుటకు కొన్ని దినముల ముందు రంగు మాయును, కన్నులు పాలనీలము తిరుగును. పాతపొరకును క్రొత్తపొరకును నడుమ ద్రవము ఊరుటయే దీనికి కారణము. ఆ సమయమున పామునకు చూపు మందగించును. కావున బెదరును, ముట్టినచో కాటు వేయవచ్చును. పిమ్మట కన్నులు మరల తేటపడును. మరికొన్ని దినములకు పాము మూతిని రాతికో కొమ్మకో రాచి, పెదవులవద్ద పొరను విడదీసి, మేజోడును తిరుగవేసినట్లు తలనుండి తోకవరకు ఒక్కటిగా విడుచును. పామునకు కనురెప్పలు లేవు. కంటిని కప్పు పారదర్శకమైన పొలుసు కూడ కుబుసముతో ఊడిరావలెను. గాలి పొడిగా నున్నచో ఈ పొర తడియారి ఒంటికి అంటుకొనును, ముక్కలుగా చిరుగును. కంటిపొర మిగిలిపోయినచో పాము గ్రుడ్డిదివలె తిరుగును. తోకచివర ఉంగరమువలె బిగిసిన పొర నెత్తుటి ప్రసారము నాపి తోకనే చంపగలదు. అట్టి పొరను వేళ్లతో పెరుకుట ఇంకను ప్రమాదము, క్రింది లేతపొర గూడ లేచివచ్చును.

పట్టుపురుగుల అనుభవము గలవారు ఇచ్చట పొరపడుటకు వీలున్నది. పురుగు జ్వరమునకు కూర్చున్నపుడు, అనగా పొర విడుచునపుడు, తట్టను పొడిగా నుంచవలెనని మీరెరుగుదురు. పైకాగితము తీసివేసి సున్నపుపొడి చల్లుదురు. పామునకు దీనికి తలక్రిందు: పొర విడుచువేళ గాలిలో తేమ పెరుగవలెను. రెండును పొర విడుచు ప్రాణులే, నియమములు మాత్రము వేరు.

ప్రకృతిలో పాము ఈ లెక్కను తానే చూచుకొనును. మన పుట్టలు చెదలు కట్టినవి. ఆ చెదలు తమ గూటిలోని గాలి ఎండిపోకుండ కాపాడుకొనును. బయట నేల నెర్రెలు విచ్చు వేసవిలోను పుట్టలోపల చల్లదనము, తేమ మిగిలియుండును. పాము అచ్చట చేరుటకు ఇదొక కారణము. పాము గ్రుడ్ల పెంకు కోడిగ్రుడ్డు పెంకువలె గట్టిది కాదు, తోలువంటిది. పొడిగాలిలో సొట్టపడి ఎండును, నీటిలో నానినచో కుళ్లును.

మనుష్యులలో ఈ విద్య నెరిగినవారు ఇరుళర్లు. వారి పాముపట్టువారి సహకార సంఘము 1978లో చెన్నపట్టణమునకు దక్షిణమున వడనెమ్మేలిలో ఏర్పడినది. ప్రభుత్వపు అనుమతితో నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టి, విషము తీసి, కొన్ని వారములకు మరల అడవిలో విడుతురు. ఆ విషముతోనే పాముకాటు మందు తయారగును. వారు పాములనుంచునది గాజుతొట్టిలో కాదు, మట్టికుండలో. అడుగున ఇసుక, మూతికి నూలుగుడ్డ. కాల్చిన మట్టి గాలి నాడనిచ్చును, చెమ్మను పీల్చుకొని మెల్లగా విడుచును. మన వేసవి నీళ్లకుండ చేయు పనియే అది. నా గాజుతొట్టి కన్న ఆ కుండ ఎంతో మేలైనది.

కొన్ని దేశములలో పామును ఇంట పెంచుట సామాన్యము. అచ్చట స్థిరపడిన మన బంధువుల పిల్లలును పెంచుచున్నారు. అందుచే ఈ నాలుగు మాటలు. ఆఫ్రికా దేశపు బాల్ పైథానునకు సుమారు 55 మొదలు 65 శాతము తేమ, అమెరికా దేశపు కార్న్ స్నేకునకు 40 మొదలు 60 శాతము చాలునని పెంచువారి అనుభవము. కొలత సాధనమును పైకప్పునకు కాక పాము పడుకొను ఎత్తున అమర్చవలెను. వెచ్చని దీపము గాలిని ఎండబెట్టును; జల్లెడమూతను కొంత కప్పినచో తేమ నిలుచును. నీళ్లతొట్టి వెడల్పుగా నుండవలెను. నీరు చిమ్మినంత మాత్రమున తేమ గంటసేపు పెరిగి మరల దిగిపోవును. అంతకన్న, పాము దూరునంత చిన్నపెట్టెలో తడిపి గట్టిగా పిండిన నాచునో కొబ్బరిపీచునో ఉంచుట మేలు. అవసరమైనపుడు అదే లోనికి పోవును, చాలిన పిదప బయటికి వచ్చును. నేల మాత్రము ఎప్పుడును తడిగా నుండరాదు. గాలి కదలని చోట తడినేలపై పడియున్న పామునకు పొట్టపొలుసులు కుళ్లును, ఊపిరితిత్తులకు జబ్బు పట్టును. తేమ తక్కువైన కుబుసము చిరుగును, బొత్తిగా ఎక్కువైన పామే చచ్చును.

మన దేశపు నాగును, జెర్రిపోతును, కొండచిలువను, నా నీరుకట్టెను గూడ ఇంట నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి నేరము. ఇంట పాము దూరినచో పిల్లలను దూరముంచి అటవీశాఖ వారికి తెలుపుడు. పిల్లవాడు సీసాలో పాముపిల్లను తెచ్చినచో, విషము లేనిదని వాడన్నను నమ్మవలదు. కట్లపాము పిల్లను నిర్విషపు పామని పొరబడినవారు గలరు.

పిల్లల కుతూహలమునకు కంచెలపై దొరకు కుబుసము చాలును. ముట్టకయే చూడవచ్చును. అది పాముకన్న పొడవుగా నుండును. విడుచునపుడు సాగుటయే కారణము. పాము నిజమైన పొడవని ఊరివారు చెప్పు కొలతలలో సగము తప్పులు ఇందుచేతనే. వానలు పడిన పిమ్మట దొరకునవి తరచు తలనుండి తోకదాక ఒక్కటిగా నుండును, వేసవిలోనివి చిరిగియుండుట కలదు. తలవైపు చూచినచో రెండు చిన్న గుండ్రని అద్దములవంటి పొలుసులు కనబడును. అవి రెండును ఉన్నచో ఆ పాము కన్నులు తేటగా నున్నవని తెలియును.