నురగ పోయింది సరే, వాడిన నీళ్లకు గాలి తగులుతోందా?

చోడవరంలో లాండ్రీ నడిపేవాళ్లకూ, ఇంట్లో వాషింగ్ లిక్విడ్ కలిపి సీసాలకెత్తి అమ్ముకునే డ్వాక్రా అక్కచెల్లెళ్లకూ ఈ మాటలు. మీరు వాడి వదిలేసిన సబ్బునీళ్లను శుభ్రం చేసేది మట్టిలో, నీటిలో ఉండే బాక్టీరియా. దాని పని సాగేదీ ఆగేదీ చాలావరకు మీ చేతిలోనే ఉంది.

ముందు సరుకు సంగతి. లిక్విడ్‌కు మూలం యాసిడ్ స్లర్రీ. ముదురు గోధుమ రంగులో, చిక్కగా ఉంటుంది. దీని అణువుకు పొడవాటి కార్బన్ తోక ఉంటుంది. బాక్టీరియా ఆ తోకను చివరి నుంచి రెండేసి కార్బన్ల చొప్పున తింటూ వస్తుంది. తోక తిన్నగా ఉంటేనే ఈ పని సాఫీగా సాగుతుంది, కొమ్మలుంటే అడుగడుగునా అడ్డే. 1950ల్లో అమెరికా, యూరప్ నదుల మీద నురగ గుట్టలుగా తేలడానికి కారణం ఆ కొమ్మల రకమే. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసింది. అమెరికా కంపెనీలు 1965 నాటికి తిన్నని రకానికి మారాయి. మీరూ డీలర్‌ని గట్టిగా అడగండి: "లీనియర్ రకమేనా? టెస్ట్ రిపోర్ట్ చూపించండి." చూపించకపోతే, ధర ఎంత తగ్గించినా కొనొద్దు.

కలిపేటప్పుడు కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా నీళ్లలో వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదికి చిందుతుంది. అల్యూమినియం గిన్నెను కాస్టిక్ తినేస్తుంది, ప్లాస్టిక్ డ్రమ్ము వాడండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోవద్దు.

ఇక వాడిన నీళ్లు. కొందరు వీటిని సెప్టిక్ ట్యాంకులోకి వదిలేస్తారు. అది సరికాదు. ఈ రసాయనాన్ని విరగ్గొట్టే బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, ట్యాంకులో అది ఉండదు. అక్కడ తిన్నని రకం కూడా విరగదు, బురదకు అంటుకుని పేరుకుపోతుంది. దానికి బదులు పెరట్లో, బావికీ బోరుకూ బాగా దూరంగా, కంకర, ఇసుక నింపిన లోతు తక్కువ గుంటలు రెండు తీయించండి. ఒక వారం ఒకదానిలోకి, మరో వారం రెండోదానిలోకి వదలండి. ఖాళీగా ఉన్న గుంట ఆరి, లోపలికి గాలి దూరుతుంది. అంచున మెట్టతామర నాటితే తేమను పీల్చుకుంటుంది. బ్లీచింగ్ కలిసిన నీళ్లు మాత్రం ఇందులోకి రానివ్వకండి, బాక్టీరియా చచ్చిపోతుంది.

నురగ కనిపించడం లేదు కదా అని పని పూర్తయిందనుకోకండి. తోక చివర కాస్త తెగగానే నురగ పోతుంది. ఆ తోక అంటుకుని ఉండే బెంజీన్ వలయం విరగడానికి ఇంకా రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తాగునీటిలో ఈ రకం డిటర్జెంట్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. చేపలకైతే లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే ప్రాణం మీదికి తెస్తాయి.

అందుకే శారద నది ఎండి పాయలుగా మిగిలే ఏప్రిల్, మే నెలల్లో మరింత జాగ్రత్త పడాలి. నీళ్లు తక్కువ, వేడెక్కిన నీటిలో ఆక్సిజనూ తక్కువ, చేపలన్నీ మడుగుల్లోనే ఉంటాయి. రేవులో ఉతకక తప్పకపోతే సబ్బునీళ్లను మడుగులో కలపకండి. చెలమలు తవ్వే చోటికి దూరంగా, ఒడ్డున పొడి ఇసుకలో పారబోయండి.