డిస్కు కంట్రోలరును యూనిక్సును

విండోసు నడచుచున్న కంప్యూటరుపై యూనిక్సు జాతిదగు లినక్సును ఎక్కింపబోగా డిస్కే కనబడలేదనియు, క్రొత్త డిస్కు కొనవలయునా యనియు పై తరగతుల విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. తొందరపడి తండ్రిచేత రూకలు వ్యయపఱుపవలదు. డిస్కు చెడలేదు, చిక్కు కంట్రోలరునొద్ద నున్నది. ఇది పాత చిక్కే కనుక, పాత యంత్రములనుండియే చెప్పెదము.

ఏ ట్రాకుపై ఏ సెక్టరు కావలయునో ప్రాసెసరు చెప్పగా, హెడ్డును అచ్చటికి నడిపి 512 బైట్ల చొప్పున అందిచ్చునది కంట్రోలరు. దానికి ఆజ్ఞలిచ్చు భాష కార్డుకార్డునకు వేఱుగా నుండెడిది. డాసునకు ఆ భాషలు రావు. అది బయాసు అను ద్విభాషిని అడిగి పని జరుపుకొనెడిది. కావున దానికి ఏ కార్డైనను ఒక్కటే. యూనిక్సు సంగతి అట్లు కాదు. ఆ ద్విభాషి రియల్ మోడునకు వ్రాయబడినవాడు. యూనిక్సు నడచునది ప్రొటెక్టెడ్ మోడులో. పైగా అతడు జవాబు తెచ్చువఱకు తక్కిన పనులన్నియు నిలిచిపోవును. పలు పనులను ఒక్కసారి నడపు యూనిక్సునకు అది పొసగదు. అందుచేత అది కంట్రోలరుతో తానే మాటలాడును. ఆ భాష యెఱిగిన డ్రైవరు లేనిచో ఎంత వెలగల కార్డైనను లేనట్లే. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్సును తొలుత ప్రకటించినప్పుడు అది ఏ.టి. తరగతి డిస్కులను మాత్రమే ఎఱుగును.

ఇక వేగము. 1984 నాటి ఐ.బి.యం. ఏ.టి. డిస్కు నిమిషమునకు 3600 మార్లు తిరిగెడిది. ట్రాకునకు 17 సెక్టరులు. లెక్క వేయుడు: సెకనుకు 17×512×60, అనగా 5,22,240 బైట్లు రావలెను. కాని ఒక సెక్టరును అప్పగించి కంట్రోలరు సిద్ధమగులోపల తరువాతిది హెడ్డు క్రిందనుండి జాఱిపోవును. రంగులరాట్నముపై తన గుఱ్ఱము తప్పినవానివలె మరల ఒక చుట్టు వేచియుండవలెను. అందుకై నడుమ రెండేసి సెక్టరులు విడిచి వరుస సంఖ్యలు వేసిరి. అప్పుడు ట్రాకునకు 3 చుట్లు పట్టును. వేగము 1,74,080 బైట్లకు దిగును.

అంతియే కాదు. ప్రతి సెక్టరును ప్రాసెసరే రెండేసి బైట్లుగా 256 మార్లు మోసికొనవలెను. డాసునకు వేఱు పని లేదు గనుక నష్టము తోపదు. యూనిక్సులో ఆ నష్టము ప్రక్కవాని పనికి తగులును. ప్రకటనలలో బైట్ల లెక్క చూచి మురిసినవారు ఈ ప్రశ్న అడుగకయే కొనిరి. అడాప్టెక్ 1542 స్కజీ కార్డు తానే హమాలీయై మూటలను మెమొరీలో దింపెడిది. అయినను ఐ.ఎస్.ఏ. బస్సునకు 24 చిరునామా తీగలే కనుక 16 మెగాబైట్లకు మించి దాని చేయి అందదు. అంతకు పైనున్న మెమొరీకి సరకును ప్రాసెసరే మరల మోయవలెను!

2004లో ఇంటెల్ ఏ.హెచ్.సి.ఐ. అను ఉమ్మడి భాషను ప్రకటించుటచే సాటా డిస్కులకు ఒకే డ్రైవరు చాలినది. కాని కొన్ని యంత్రములలో కంట్రోలరును రెయిడ్ స్థితియందుంచి అమ్ముదురు. అట్టిచోట లినక్సునకు డిస్కు కనబడకపోవచ్చును. యంత్రము లేచునప్పుడు సెటప్పులో ఆ స్థితిని ఏ.హెచ్.సి.ఐ.కి మార్చి చూడవలెను. అట్లు మార్చిన పిదప మునుపటి విండోసు లేవక మొరాయించుట కలదు. కనుక ముందుగా ఫైళ్లనన్నిటిని వేఱొక డిస్కునకు నకలు తీసికొని, ఆ నకలు తెఱచుకొనుచున్నదని చూచిన తరువాతనే సెటప్పును ముట్టుడు.