ఫ్లాష్‌ను కెమెరా మీంచి దించుదాం

కెమెరా నెత్తిన కూర్చున్న ఫ్లాష్ ముఖానికి సూటిగా కొడుతుంది. ముక్కు, నుదురు, చెంపలు అన్నీ ఒకే మట్టంగా కనిపిస్తాయి. దాన్నే పక్కకు జరిపామంటే ఒక చెంప వెలుగుతుంది, రెండో చెంప మీదికి నీడ దిగుతుంది, ముఖానికి రూపం వస్తుంది. ఇవాళ ఒకే ఒక్క ఫ్లాష్‌తో, ఇంట్లోనే, ఒకరి ఫొటో తీద్దాం. రెండో ఫ్లాష్ ఊసు ఇప్పుడే వద్దు.

కావలసినవి

• మాన్యువల్ ఫ్లాష్. గోడాక్స్ టీటీ600 లాంటిది చాలు. పవర్ మన చేత్తో మార్చుకుంటేనే వెలుగు లెక్క వంటబడుతుంది.
• కెమెరా నుంచి ఫ్లాష్‌ను వెలిగించే, అదే కంపెనీ ట్రిగ్గర్. ఎక్స్‌2టీ లాంటివి కెనన్‌కు వేరు, నికాన్‌కు వేరు, సోనీకి వేరు. కెమెరా వెంట తీసుకెళ్లి, బిగించి చూశాకే డబ్బులివ్వండి.
• లైట్ స్టాండ్, ఇసుక సంచి, గొడుగు బిగించే బ్రాకెట్, వెలుగు దూరే పల్చటి తెల్ల గొడుగు.
• ఫ్లాష్‌కు నాలుగు రీఛార్జబుల్ ఏఏ సెల్స్.

పద్ధతి

1. స్టాండ్ కాళ్లు బాగా వెడల్పుగా విప్పి, ఒక కాలి మీద ఇసుక సంచి పెట్టి, పైన బ్రాకెట్‌తో ఫ్లాష్, గొడుగు బిగిద్దాం. గొడుగు విప్పాక ఫ్యాన్ గాలికి కూడా ఒరిగిపోవచ్చు.

2. ట్రిగ్గర్‌ను కెమెరా పైనున్న హాట్‌షూలోకి చివరిదాకా తోసి బిగిద్దాం. ట్రిగ్గర్‌లో, ఫ్లాష్‌లో ఛానెల్, గ్రూప్ ఒకటే ఉండాలి. టెస్ట్ బటన్ నొక్కితే ఫ్లాష్ వెలగాలి.

3. కెమెరా మాన్యువల్ మోడ్‌లో పెట్టి షట్టర్ 1/160, అపర్చర్ ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 100 చేద్దాం. ఆటో ఐఎస్‌ఓ ఆపేయడం మరవద్దు.

4. ట్రిగ్గర్ ఆపేసి ఒక ఫొటో తీద్దాం. అది నల్లగా రావాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, ఆ తర్వాత ఏ వెలుగు ఎక్కడిదో తెలియక తికమక పడతారు. నల్లగా వచ్చిందంటే గది వెలుగు ఫొటోలో లేనట్టే. ఇకమీదట కనిపించే ప్రతి వెలుగూ మన ఫ్లాష్‌దే. ట్యూబ్‌లైట్ మాత్రం ఆర్పవద్దు, ఫోకస్‌కు కావాలి.

5. మనిషిని గోడకు కాస్త ఎడంగా కూర్చోబెడదాం. స్టాండ్‌ను కెమెరాకు 45 డిగ్రీలు పక్కగా, మనిషికి మీటరు దూరంలో, తలకన్నా కొంచెం ఎత్తులో పెట్టి, ఫ్లాష్‌ను కిందికి వంచుదాం. గొడుగు ఉబ్బు మనిషి వైపు, పిడి ఫ్లాష్ వైపు ఉండాలి.

6. ట్రిగ్గర్ ఆన్ చేసి, ఫ్లాష్ పవర్ 1/16 పెట్టి తీద్దాం. ముఖం మరీ తెల్లగా వస్తే 1/32, చీకటిగా ఉంటే 1/8. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

7. ఫొటోను పెద్దది చేసి కళ్లు చూద్దాం. నల్లగుడ్డు పైభాగంలో గొడుగు తెల్లగా మెరవాలి. మెరుపు లేక, కళ్ల కింద నీడ గుంటలు పడితే స్టాండ్ మరీ ఎత్తులో ఉన్నట్టు. ఒక జానెడు దించి మళ్లీ తీద్దాం.

8. ఇప్పుడు షట్టర్ మాత్రమే 1/60, 1/30, 1/15 అలా తగ్గిద్దాం. వెనక గది మెల్లగా బయటికొస్తుంది, ముఖం మీది ఫ్లాష్ వెలుగు మారదు. షట్టర్ గది వెలుగుకు పగ్గం. అపర్చర్, ఐఎస్‌ఓ మారిస్తే రెండూ మారతాయి. ఈ ఒక్క ముక్క చేత్తో చేసి తెలుసుకుంటే సగం పని నేర్చినట్టే.

తరచూ జరిగే పొరపాట్లు

• ఫొటోలో ఒక అంచున నల్ల పట్టీ: షట్టర్ వేగం సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ వేగం) దాటింది. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250.
• మిర్రర్‌లెస్ కెమెరా తెరంతా చీకటి: ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆపేయండి. ఫ్లాష్ వెలగకపోతే సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి.
• స్టాండ్ జరిపి పవర్ మార్చకపోవడం: దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. మీటరు నుంచి రెండు మీటర్లకు వెళ్తే 1/16 కాస్తా 1/4 చేయాలి.
• కళ్లద్దాల్లో గొడుగు కనిపించడం: స్టాండ్ ఇంకాస్త పైకి, పక్కకు జరపండి. లేదా గడ్డం కొద్దిగా దించమనండి.
• వరసగా నొక్కేయడం: రెడీ లైట్ వెలిగేదాకా ఆగాలి. లేకపోతే ఒక ఫొటో వెలుగుగా, మరొకటి చీకటిగా వస్తాయి.
• పనయ్యాక సెల్స్ ఫ్లాష్‌లోనే వదిలేయడం: నెలల తరబడి ఉంటే కారిపోయి లోపలి స్ప్రింగులు తుప్పు పట్టవచ్చు. తీసి ఛార్జర్‌లో పెట్టండి.