పంట లెక్కలో పడని ఖర్చు
కథలు, పాటలు రైతుకు నేర్పే పాఠం

ఈ వారం పాఠం విత్తనం మీద కాదు, ఎరువు మీద కాదు. సేద్యం మీద వచ్చిన కథలు, పాటల మీద. "పొద్దంతా చేన్ల ఉండేటోనికి కథలెందుకు?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన మాటే. జవాబు మాత్రం మన పంట లెక్కలోనే ఉంది. ముందు ఆ లెక్క చూద్దాం.

మూడు మెట్ల లెక్క

నారాయణఖేడ్ ప్రాంతంలో, మనూరు మండలం బోరంచలో ఒక చిన్న రైతు ఎకరం నల్లరేగడిలో వానాధారంగా పత్తి వేశాడనుకుందాం. అంకెలు కూడా అనుకున్నవే. మీ అంకెలు మీరు వేసుకోండి.

విత్తనం, ఎరువు, మందు, అరక కిరాయి, కూలి కలిపి చేతి నుంచి పోయింది రూ.25,000. ఏడు క్వింటాళ్లు వచ్చింది. క్వింటాలు రూ.7,000 చొప్పున రూ.49,000 చేతికొచ్చింది. "రూ.24,000 మిగిలింది" అనుకుంటాం. ఇది మొదటి మెట్టు.

ఆలుమగలు కలిసి ఆ చేన్ల 40 కూలి దినాల పని చేశారు. రోజుకు రూ.400 లెక్కన రూ.16,000. అది తీసేస్తే మిగిలేది రూ.8,000. ఇది రెండో మెట్టు.

అదే భూమిని కౌలుకిస్తే రూ.12,000 వచ్చేది. పెట్టుబడికి వడ్డీ రూ.1,500. ఇవీ తీసేస్తే రూ.5,500 నష్టం! ఇది మూడో మెట్టు.

కేంద్ర వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఈ మూడు మెట్లనే ఎ2, ఎ2+ఎఫ్ఎల్, సి2 అంటుంది. ఖర్చు మీద కనీసం సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ 2006లో సిఫారసు చేసింది. 2018-19 నుంచి కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని చెప్పేది రెండో మెట్టు ఖర్చు మీద. రైతు సంఘాలు అడుగుతున్నది మూడో మెట్టు మీద. పేచీ అంతా అక్కడే.

అయితే మూడో మెట్టు తోనే లెక్క తీరిపోయిందా? నేల సారం తగ్గితే ఎంత? మందు కొట్టిన ఒంటికి ఎంత? బడి మానిన పిల్లగానికి ఎంత? ఈ నాలుగో మెట్టుకు ఏ ఫారంలోనూ గడి లేదు. ఆ గడి నింపినవాళ్లు రచయితలు, పాటగాళ్లు. వాళ్లను చదవాలనేది అందుకే.

నేల పోతే మనిషి పోతాడు

అమెరికా రచయిత జాన్ స్టెయిన్‌బెక్ 1939లో 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' అనే నవల రాశాడు. అంతకు ముందు అక్కడ జరిగిందేమిటంటే, గోధుమకు మంచి ధర ఉన్న రోజుల్లో వేల ఏళ్ల గడ్డి భూములను దున్నేశారు. 1930ల్లో కరువొచ్చింది. మట్టిని పట్టి ఉంచే గడ్డి వేర్లు లేక పైమట్టి గాలికి లేచిపోయింది.

నవలలో జోడ్ అనే కౌలు కుటుంబం ఊరు విడిచి కాలిఫోర్నియాకు పండ్లు కోసే కూలికి పోతుంది. పని ఉందని కాగితాలు పంచితే వేలమంది వచ్చిపడతారు. వచ్చినవాళ్లు ఎక్కువైన కొద్దీ కూలి రేటు పడిపోతుంది. ముఠా మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని చెరకు కొట్టడానికి పోయే మన తండాల కుటుంబాలకు ఈ కథ కొత్తగా అనిపించదు.

అమెరికా ప్రభుత్వం 1935లో నేల సంరక్షణకు చట్టం చేసింది. వాలుకు అడ్డంగా దున్నడం, పంటను పట్టీలుగా వేయడం, గాలికి అడ్డంగా చెట్లు పెంచడం నేర్పింది. మనకూ ఇదే పాఠం. వాలుకు అడ్డంగా సాలు తోలండి. ఒక్క పత్తే కాకుండా నడుమ కంది సాళ్లు వేయండి. గట్ల మీద చెట్టును ఉంచండి.

శాపం కాదు, మందు

కేరళలోని కాసరగోడ్ జిల్లాలో జీడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటల చుట్టుపక్కల ఊళ్లల్లో పిల్లలు వైకల్యాలతో, నరాల జబ్బులతో బాధపడ్డారు. మలయాళ రచయిత అంబికాసుతన్ మాంగాడ్ 2009లో దీని మీద 'ఎన్మకజె' అనే నవల రాశారు. ఎన్మకజె అక్కడి ఒక పంచాయతీ పేరే. నవలలో జనం ఆ రోగాలను దేవుడి శాపమనుకుంటారు. తల మీద నుంచి పడుతున్న మందును అనుమానించరు. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకం ఆపించింది.

మన పత్తి చేన్లలోనూ ఈ మందు కొట్టినవాళ్లున్నారు. ఇప్పుడైనా డబ్బా మీది త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. గాలికి ఎదురుగా కొట్టవద్దు. పిల్లలను, గర్భిణులను ఆ రోజు చేనుకు రానివ్వద్దు. ఖాళీ డబ్బాలో నీళ్లు పట్టవద్దు.

పశువుల కాడి పిల్లగాడు

సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పశువులు కాసే పల్లె పిల్లవాడి మీద కట్టిన పాట 'మా భూమి' సినిమాలో వచ్చింది. మీలో చాలామంది పాడుకున్నదే. దొర పశువుల వెంట ఆ పిల్లగాని బాల్యం పోయింది. ఆ దొర లేడు. కాని చెరకు సీజన్‌లో తల్లిదండ్రుల వెంట బండెక్కే పిల్లవాని చదువు ఇప్పుడు ఏ ఖాతాలో పడుతున్నది? అడ్వాన్సు లెక్క రాసేటప్పుడు దాన్నీ పక్కన రాయాలి.

ఏటి ఒడ్డున

బోరంచ పక్కనే మంజీర. కింద సింగూరు ప్రాజెక్టు, సామర్థ్యం సుమారు 30 టీఎంసీలు. ఆ నీళ్లు చాలా ఏళ్లు ప్రధానంగా హైదరాబాద్ దాహం తీర్చాయి. ప్రాజెక్టు కింద ఊళ్లు, పొలాలు మునిగాయి. బోరంచ దగ్గర నుంచి సింగూరు నీళ్లు ఎత్తిపోసే బసవేశ్వర పథకానికి 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో శంకుస్థాపన జరిగింది. నీళ్లు కావాల్సిందే. కాని నీటి లెక్కలో ఎకరాలతో పాటు ఎవరి భూమి పోయింది, ఎవరు ఊరు మారారు అన్నది కూడా ఉండాలి. నల్ల పోచమ్మ గుడి కాడ కూర్చుండే పెద్దమనుషులకు ఈ సంగతులు నోటికి తెలుసు. కాగితం మీద పెట్టకపోతే వాళ్లతోనే పోతాయి.

మన పక్కనే ఉన్న నమూనా

చదువు రాకపోతే ఎట్లా అంటారేమో. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం మహిళల్లో చాలామంది బడికి పోనివాళ్లు, కొద్దిపాటి భూమి ఉన్నవాళ్లు. వాళ్లు కెమెరా పట్టుకుని వరంగల్ పత్తి రైతుల నష్టాల మీద సినిమా తీశారు. 2008లో మాచునూరులో సొంతంగా 'సంఘం రేడియో' పెట్టారు. పాత పంటల జాతర పేరుతో జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. వాళ్ల లెక్కలో పశువుల మేత ఉంది, నేల సారం ఉంది, ఇంటి తిండి ఉంది. రాయడం రాకున్నా లెక్క చెప్పడం వచ్చు.

మీరు చేయవలసింది

1. ఒక నోటు పుస్తకం తీసి మూడు మెట్ల లెక్క రాయండి. చదువుకునే కొడుకుతోనో బిడ్డతోనో రాయించండి.

2. చివరి పేజీలో నాలుగు గడులు గీయండి: నేల, నీళ్లు, ఒళ్లు, పిల్లలు. రూపాయలు వేయలేకపోతే మాటల్లో రాయండి. "బోరు ఎండింది", "మందు కొట్టిననాడు కండ్లు తిరిగినయి" అన్నా చాలు.

3. వారానికొకనాడు పంచాయతీ ఆఫీసు కాడనో బడి కాడనో ఒకరు చదువుతుంటే నలుగురు వినండి. వాసిరెడ్డి సీతాదేవి 'మట్టి మనిషి'తో మొదలుపెట్టండి. సాంబయ్య చెమటోడ్చి కూడబెట్టిన భూమి తెగులు వచ్చి పోలేదు, కొడుకు పట్నం మోజులో పోయింది. ఎట్లా పోయిందో విని, మీలో మీరు మాట్లాడుకోండి.

4. వచ్చే ఏడు ఏం వేయాలో తేల్చుకునే ముందు ఆ చివరి పేజీ తీసి చూడండి.

ధర మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు. లెక్క మాత్రం మన చేతిలోనే ఉంది. సగం లెక్క రాసుకుని లాభమనుకునే రైతు, తన నేలనే అమ్ముకుని తింటున్నా ఆ సంగతి తెలుసుకోలేడు. పూర్తి లెక్క రాయండి.