పైపు కొనబోయే ముందు

మేనల్లుడా,

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది ఒకటే ముక్క: "ఏ పైపు వేయించమంటావు మామయ్యా?" అని. ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటే నీ పనీ అయిపోయేది, నా పనీ అయిపోయేది. కానీ ఈ ప్రశ్నకి ఒక్క పేరుతో జవాబు చెప్పేవాడు పైపు అమ్ముకునేవాడే అయి ఉంటాడు. పైపుల కొట్టు కట్టేశాను కాబట్టి నాకిప్పుడు అమ్మాల్సిన సరుకేమీ లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

అక్క బాధ రెండు సంగతులు. పొద్దున్నే కుళాయి తిప్పితే ఎర్రనీళ్లు. మేడ మీద బాత్‌రూములో దారంలాంటి ధార. బావేమో "ఇనుము నలభై ఏళ్లు ఆగింది, మళ్లీ ఇనుమే వేద్దాం" అంటున్నాడు. కాంట్రాక్టరేమో "ఇల్లంతా సీపీవీసీ ప్లాస్టిక్ పైపు లాగేద్దాం" అంటున్నాడు. నన్నడిగితే ఇద్దరి మాటా సగం సగమే నిజం.

బావ మాటే ముందు చూద్దాం. ఆయన ఇల్లు కట్టిన రోజుల్లో జీఐ తప్ప వేరే దారి లేదు. సీపీవీసీ మన దేశంలోకి వచ్చిందే 1999లో. ఆయన వేసిన పైపు మంచిదే, తప్పు పట్టేదేమీ లేదు. కానీ అది నలభై ఏళ్లు ఆగిందనడం కంటే, అందులో చివరి పదిహేనేళ్లు లోపల్లోపలే పూడుకుపోతూ వచ్చిందనడం సబబు. జీఐ అంటే జింకు పూత పెట్టిన ఉక్కు. ఉక్కు తుప్పు పట్టకుండా ముందు జింకు తాను కరుగుతుంది. అది అయిపోయాక ఉక్కు వంతు వస్తుంది. పైగా ప్లంబరు ఎల్బో బిగించడానికి మర కోసిన ప్రతిచోటా ఆ పూత కూడా లేచిపోతుంది. అందుకే ఎప్పుడైనా ముందు కారేది జాయింటే. తుప్పు బయటికి రాలిపోకుండా లోపలే గడ్డలు కడుతుంది, వాటి వెనక నీళ్లు నిలిచి ఇంకా తింటుంది. రాత్రంతా పైపులో నిలబడిన నీళ్లే పొద్దున్నే ఎర్రగా దిగేది.

దీనికి మన ఊరి నీళ్లు తోడు. పొన్నూరు కృష్ణ పశ్చిమ డెల్టాలో ఉంది. కాలవ నీళ్లు వచ్చినన్నాళ్లూ బాధ లేదు. డెల్టాలో సముద్రం వైపు పోయేకొద్దీ బోరు నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. ఆ ఉప్పులోని క్లోరైడుకి జింకు పూతంటే మహా ఇష్టం. నువ్వు పైపు కొనేముందు ఒక సీసా బోరు నీళ్లు పరీక్షకివ్వు. తాగునీటికి మనవాళ్లు పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500. అందులో లీటరుకి కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు, క్లోరైడు 250 దాటకుండా ఉంటే మంచిదన్నారు. వేరే నీళ్లు దొరక్కపోతే లవణాలు 2000, క్లోరైడు 1000 దాకా ఒప్పుకున్నారు. మీ బోరు ఈ రెండు గీతల మధ్య ఎక్కడో ఉంటుందని నా అంచనా. అలా ఉంటే జీఐ మాట మానుకో. మున్సిపాలిటీ నీళ్లు ఒక్కటే వాడే ఇల్లయితే బావతో నేనూ గొడవ పడేవాణ్ణి కాదు. అప్పుడు కూడా పసుపు పట్టీ ఉన్న లైటు రకం కాకుండా నీలం పట్టీ మీడియమో, ఎర్ర పట్టీ హెవీయో తీసుకోమనేవాణ్ణి.

ఇక కాంట్రాక్టరు. "ఇరవై ఎనిమిది కేజీల ప్రెజరు తట్టుకునే పైపు సార్" అన్నాడని గొప్పగా చెప్పావు. తట్టుకుంటుంది, నిజమే. మందపు గోడ ఉండే ఎస్‌డీఆర్ 11 రకం సీపీవీసీ చల్లటి నీళ్లకి అంత తట్టుకుంటుంది. 82 డిగ్రీల వేడినీళ్లలో అదే పైపు ఏడు కేజీలకి దిగుతుంది. కానీ మీ ఇంట్లో ప్రెజరు ఎంతరా? నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక కేజీ. మీ డాబా మీద ట్యాంకు నుంచి కింద వంటింటి కుళాయికి ఆరేడు మీటర్లు ఉంటుందేమో. మేడ మీది షవరుకి రెండు మీటర్లు కూడా ఉండదు, అంటే కేజీలో ఐదో వంతు. ఇరవై ఎనిమిది కేజీల పైపు వేసినా ఆ షవర్లో ధార పెరగదు. మోటారు లేకుండా పెరగాలంటే రెండే మార్గాలు: ట్యాంకు కింద మూడు నాలుగడుగుల దిమ్మె కట్టించడం, పైపు లోపలి వెడల్పు పెంచడం.

ఈ వెడల్పు దగ్గరే చాలా ఇళ్లు మోసపోతున్నాయి. ఎవరూ కావాలని చేసే మోసం కాదులే. జీఐ అరంగుళం పైపు లోపల దాదాపు 16 మిల్లీమీటర్లు ఉంటుంది. సీపీవీసీ కొలత వేరు, రాగి గొట్టాల లెక్కలో బయటి వ్యాసంతో చేస్తారు. అందుకని దాని అరంగుళం పైపు లోపల 12 మిల్లీమీటర్ల పైచిలుకే. పేరు అదే అరంగుళం, నీళ్లు పోయే దారి మాత్రం ఐదింట మూడు వంతులు. "పాతది అరంగుళం ఉంది కాబట్టి కొత్తదీ అరంగుళమే వేశాం" అనే ప్లంబరు చేతిలో పడితే, డబ్బు పోసి మరీ ధార తగ్గించుకున్నట్టు. ట్యాంకు నుంచి దిగే మెయిను ఒకటింపావు వేయించు. బాత్‌రూము గోడ దాకా అంగుళం, గోడ లోపల ముప్పావు. అరంగుళం అనేది కుళాయి ముందు చివరి మూరెడు దూరంలోనే కనిపించాలి. దీనికయ్యే అదనపు ఖర్చు మీ వంటింటి కొత్త టైల్స్‌లో పదో వంతు కూడా ఉండదు.

నా మాట ఇది: ఇంట్లో ఒకే రకం పైపు అక్కర్లేదు. పైపు ఎక్కడ పోతుందో చూసి రకం ఎంచుకోవాలి.

వీధి మెయిను నుంచి సంపు దాకా భూమిలో పోయే ముక్క అన్నిటికంటే ముఖ్యం. మీరంతా తక్కువ పట్టించుకునేదీ అదే. మనది నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలు విడుస్తుంది. ఆ కదలికకి గట్టి పైపు జాయింటు దగ్గర విరుగుతుంది. అక్కడ వేయాల్సింది నీలం చారలున్న నల్ల హెచ్‌డీపీఈ, ఐఎస్ 4984 గుర్తుది. చుట్టగా వస్తుంది కాబట్టి మధ్యలో ఒక్క జాయింటు లేకుండా లాగొచ్చు. కింద, పైన నాలుగంగుళాల ఇసుక పోయించు. మురుగు కాలవ దాటేచోట పైపు కాలవ లోపల పడి ఉండకుండా పైనుంచి, ఇంకో పెద్ద పైపులో దూర్చి దాటించు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2018 మార్చిలో గుంటూరులో ఆనందపేట వైపు తాగునీళ్లలో మురుగు కలిసి అతిసార వచ్చింది. పది మందికి తక్కువ కాకుండా చనిపోయారు. మన ఊళ్లలో కుళాయి రోజంతా రాదు. వచ్చిన కాసేపు పైపు నిండుగా ఉంటుంది. ఆగిపోగానే లోపల ఖాళీ ఏర్పడి, ఎక్కడ చిల్లుంటే అక్కణ్ణుంచి బయటి నీళ్లు పీల్చుకుంటుంది. ఆ చిల్లు మురుక్కాలవలో ఉంటే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? కుళాయికి నేరుగా మోటారు తగిలించి లాగేవాళ్లు ఆ పీల్పుని ఇంకా పెంచుతారు. బావకి ఆ అలవాటుంటే మాన్పించు. సంపులో పడనిచ్చి, సంపులోంచి మోటారు వేసుకోమను.

సంపు నుంచి ట్యాంకుకి ఎక్కే పైపు, డాబా మీద తిరిగే పైపులు ఎండలో ఉంటాయి. మనది ఎండలకి పేరుపడ్డ రెంటచింతల కాకపోవచ్చు గానీ మే నెలలో డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడగలవా? తెల్ల యూపీవీసీ ఆ ఎండకి కొన్నేళ్లలో పెళుసుబారి, నిచ్చెన తగిలితే పగులుతుంది. సీపీవీసీ కూడా ఎండలో నిలిచే సరుకు కాదు. అక్కడ యూపీవీసీ షెడ్యూల్ 40 వేసి, పైన తెల్లటి నీటి రంగు రెండు పూతలు వేయించు. ఆయిలు పెయింటు వద్దు. పొలానికి తెచ్చిన బూడిద రంగు పైపు మిగిలింది కదా, డాబా మీదికి వాడేద్దామని బావ అంటాడు చూడు, అది పెరట్లో మొక్కలకి వాడుకోమను.

గోడల్లో మాత్రం కాంట్రాక్టరు మాటే వినొచ్చు. చల్లనీళ్లకి ఎస్‌డీఆర్ 13.5, గీజరు నుంచి వచ్చే వేడినీళ్లకి ఎస్‌డీఆర్ 11. సీపీవీసీ 93 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. యూపీవీసీని వేడినీళ్ల జోలికి రానివ్వొద్దు. గీజరు నోటి దగ్గర మొదటి ముక్క మాత్రం లోహపు గొట్టమే ఉండాలి, థర్మోస్టాట్ పాడైన రోజు ఆవిరి ముందు తగిలేది దానికే. పచ్చ రంగు పీపీఆర్ కూడా మంచి సరుకే, కరిగించి అతికిస్తారు, జాయింటు పైపుతో ఏకమైపోతుంది. కానీ ఆ మిషను చేతబట్టి సరిగ్గా అతికే మనిషి పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటేనే దాని వైపు చూడు. రాగి సంగతి అడగనే వద్దు, ఆ ఖరీదు వింటే మీ నాన్న నిద్రపోడు.

కొనేటప్పుడు బ్రాండు కంటే ముందు పైపు ఒంటి మీద అచ్చు చదువు. సీపీవీసీకి ఐఎస్ 15778 అని, పక్కన లైసెన్సు నెంబరు ఉండాలి. ఆ నెంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో చెబుతుంది. నువ్వు హైదరాబాదులో కూర్చునే చేయగలిగిన పని ఇది. పీవీసీ పైపులో సీసం కలపడాన్ని అదుపు చేస్తూ 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొట్లో ఎన్నాళ్లుగానో పడి ఉన్న పాత స్టాకు చవగ్గా ఇస్తామంటే తాగునీళ్లకి తీసుకోవద్దు. ఫిట్టింగులు కూడా పైపు చేసినవాళ్లవే కొను. ఎల్బో ఒకరిది, పైపు ఇంకొకరిది అయితే రేపు కారినప్పుడు ఇద్దరూ చేతులు దులిపేసుకుంటారు.

నా కొట్టుకి తిరిగొచ్చిన ఫిర్యాదుల్లో పైపు పగిలిందన్నవి బహు తక్కువ. అన్నీ అతుకు ఊడినవే. నువ్వు సెలవు పెట్టి వచ్చి ప్లంబరు పక్కన నిలబడేట్టయితే ఈ పనికే నిలబడు. సీపీవీసీకి దాని సొల్యూషను వేరు, యూపీవీసీకి వేరు. ఒకే డబ్బాతో రెండూ అతికేస్తుంటే ఆపు. పైపు నిటారుగా కోయాలి, అంచున లేచిన పొట్టు గీకాలి, సొల్యూషను పైపుకీ సాకెట్టుకీ రెండింటికీ రాయాలి, దూర్చి పావు చుట్టు తిప్పి కాసేపు కదలకుండా పట్టుకోవాలి. కుళాయి బిగించే చోట ఇత్తడి మర ఉన్న ఫిట్టింగు, దానికి టెఫ్లాన్ టేపు. పాతకాలం మిస్త్రీలు అలవాటుగా జనపనార చుట్టి రంగు పూసి రెంచీ మీద వేలాడతారు. ఇనుముకి అది చెల్లింది, ప్లాస్టిక్కు చీలిపోతుంది. క్లాంపులు బిర్రుగా బిగించనివ్వొద్దు. పది మీటర్ల సీపీవీసీ నలభై డిగ్రీల తేడాకి రెండున్నర సెంటీమీటర్లు సాగుతుంది, అది కదలడానికి చోటుండాలి. చెదల మందు కొట్టించే పని కూడా పెట్టుకున్నారట కదా. కిరసనాయిలు లాంటి నూనెలో కలిపే మందు సీపీవీసీకి తగిలితే నెమ్మదిగా పగుళ్లిస్తుంది. పైపులు ఉన్న గాడుల్లో ఆ మందు పడకుండా చూడు.

అతికిన మర్నాటిదాకా నీళ్లు వదలొద్దు. ఆ తర్వాత చేతిపంపుతో పది కేజీల దాకా ఎక్కించి గంటసేపు ముల్లు కదలకుండా ఉంటేనే గాడులు పూడ్చనివ్వు. పూడ్చేముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటో తీసుకో. రేపు అక్క ఎక్కడ మేకు కొట్టమన్నా ఆ ఫోటోయే దిక్కు.

ఇంతవరకు చెప్పిందంతా నీకు ప్లంబరు కూడా చెప్పగలడు. ఇప్పుడు చెప్పబోయేది అతను చెప్పడు, ఎందుకంటే అది కరెంటు మిస్త్రీ పని అనుకుంటాడు. కరెంటు మిస్త్రీ అది ప్లంబరు పని అనుకుంటాడు.

మీ ఇల్లు కట్టిన కాలం నాటి ఇళ్లలో చాలావాటికి ఎర్తింగు విడిగా లేదు. ఎర్త్ తీగ తెచ్చి కుళాయి పైపుకి చుట్టేసేవాళ్లు. ఇనుప పైపు భూమిలోకి దిగి ఉంది కాబట్టి అదే ఎర్త్ అయ్యేది. మీ మీటరు బోర్డు నుంచి ఒక తీగ పెరటి పంపు దాకా పోవడం నేనే చూశాను. ఇప్పుడు ఆ ఇనుము తీసేసి ప్లాస్టిక్ వేస్తే నీళ్లకి ఇబ్బందేమీ ఉండదు గానీ, ఇంటికి ఎర్త్ తెగిపోతుంది. గీజరు, ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, మోటారు అన్నీ ఏ ఆధారమూ లేకుండా వేలాడుతుంటాయి. పైకి ఏ తేడా తెలియదు, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఏదో ఒక రోజు గీజరు కాయిలు దెబ్బతిన్నప్పుడు తడిచేత్తో కుళాయి పట్టుకున్నవాళ్లకి తెలుస్తుంది. సగం మార్చి సగం ఇనుము ఉంచితే ఇంకా ప్రమాదం. నేలతో సంబంధం తెగిన ఇనుప ముక్క గోడలో మిగిలి, దానికి ఎర్త్ తీగ వేలాడుతుంటే, ఆ కుళాయిలోకే కరెంటు రావచ్చు.

అందుకని పని ఈ వరసలో చేయించు. ముందు కరెంటు మిస్త్రీ విడిగా ఎర్త్ గుంట తీసి రాడ్డు దింపి, తీగ బోర్డుకి కలపాలి. బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. పాత పైపుకి చుట్టిన తీగలన్నీ వెతికి విప్పించాలి. ఆ తర్వాతే ప్లంబరు మొదటి పైపు కోయాలి, అదీ మెయిన్ స్విచ్ తీసేసి. జీబీసీ రోడ్డు మీద కొట్లలో ఎర్త్ రాడ్డు, ఆర్‌సీసీబీ రెండూ దొరుకుతాయి. గుంటకి పెరట్లో బావి గట్టు పక్క చోటు బాగుంటుంది, అక్కడ ఎండాకాలం కూడా తేమ ఆరదు. కరెంటు మిస్త్రీ ఏ రోజు వస్తాడో ముందురోజు రాత్రి ఫోన్ చెయ్యి, నేను వచ్చి దగ్గరుండి తవ్విస్తాను. ప్రెజరు పరీక్షకి చేతిపంపు కూడా నా దగ్గరుంది, కొనొద్దు.



మీ మామయ్య
పొన్నూరు