ఎండతో చల్లదనం

భానూరులో ఒక ఇల్లు. రేపు పాపకు టీకా రోజు. రాత్రి గాలివాన వచ్చింది. కరెంటు పోయింది.

"టీకా మందు చల్లగ ఉండాలంటరు. కరెంటు పోతే పాడు కాదా బిడ్డా?" అత్త అడిగింది.

అత్త భయం సరైనదే. టీకా మందులు ఎక్కువ వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడి తగిలితే మందు బలం పోతుంది. పోయినట్టు కంటికి తెలియదు.

"దవాఖాన ఫ్రిజ్‌ల ఐస్ గోడలుంటయి అత్తమ్మా. కొన్ని గంటలు ఆగుతది" అన్నది కోడలు.

మరి రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లలో? వాటి కోసం ఎండతో నడిచే ఫ్రిజ్‌లు వచ్చాయి.

"ఎండ చల్లదనం ఎట్లిస్తది?"

"రంజన్‌ల నీళ్లు ఎట్ల చల్లగైతయి? మట్టిల చెమ్మ ఆవిరైతది. నీళ్ల వేడిని తీసుకపోతది. ఫ్రిజ్ కూడ అంతే."

ఫ్రిజ్ గొట్టంలో ఒక ద్రవం ఆవిరవుతుంది. లోపలి వేడిని లాగుతుంది. మోటారు ఆ ఆవిరిని నొక్కుతుంది. వేడి బయటికి పోతుంది. ఆవిరి మళ్లీ ద్రవం అవుతుంది. ఈ మోటారును నడిపేది సోలార్ పలక ఇచ్చే కరెంటు.

పగలు లోపల ఐస్ కడుతుంది. రాత్రి ఆ ఐస్ చల్లదనం ఇస్తుంది. మబ్బు పట్టినా కనీసం మూడు రోజులు ఆగాలని నియమం. బ్యాటరీ పాడవుతుందన్న బాధ లేదు.

పాత ఫ్రిజ్‌లలో సి.ఎఫ్.సి. అనే గ్యాసు ఉండేది. అది ఆకాశంలోని ఓజోన్ పొరను తినేస్తుంది. ఆ పొర ఎండలోని చెడు కిరణాలను ఆపే గొడుగు. అందుకే 1987లో దేశాలు మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకున్నాయి. తర్వాత వచ్చిన కొన్ని గ్యాసులు ఓజోన్‌ను తినవు. కాని భూమిని వేడెక్కిస్తాయి. వాటిని తగ్గించాలని 2016లో కిగాలిలో ఒప్పుకున్నాయి.

ఇప్పుడు చాలా ఫ్రిజ్‌లలో ఐసోబ్యూటేన్ వాడుతున్నారు. అది మన వంట గ్యాసు జాతిదే. ఓజోన్‌కు హాని లేదు. భూమి వేడిని పెంచేది చాలా తక్కువ. కాని అంటుకుంటుంది. కనుక రిపేరు తెలిసినవారే చేయాలి.

తెల్లవారింది. నర్సమ్మ టీకాల పెట్టె తెచ్చింది. కోడలు సీసా అడిగి చూసింది. గడువు తేదీ చదివింది. సీసా మీద రంగు గుండ్రం, దాని నడుమ చదరం ఉన్నాయి. వేడి తగిలిన కొద్దీ చదరం ముదురుతుంది. గుండ్రం కన్నా లేతగా ఉంటే వాడవచ్చు. రెండూ ఒకే రంగైనా, చదరం ఇంకా ముదిరినా వాడరాదు.

"లేతగనే ఉంది అత్తమ్మా!"

పాపకు టీకా వేయించారు.

ఆలోచించండి: మీ ఊరి దవాఖానలో కరెంటు పోతే టీకాలను ఎలా కాపాడుతున్నారు? అడిగి తెలుసుకోండి.

రాయండి: టీకా, ఐస్, ఓజోన్, గడువు తేదీ.