కొనువారికి నమ్మదగిన సమాచారము



ఈ పాఠమును నా తెలివితక్కువతనముతోనే ఆరంభింపవలసి యున్నది. గత వేసవి సెలవులలో మా యింటి మిక్సీ చెడిపోయినది. కొని ఆరు నెలలైనను కాలేదు. నేను చేతిఫోను తీసి, కంపెనీ పేరు వ్రాసి, దాని సేవాకేంద్రపు సంఖ్యకై గూగుల్‌లో వెదకితిని. అన్నిటికంటె పైన కనబడిన సంఖ్యకు ఫోను చేసితిని. అవతలివాడు మొదట హిందీలో పలికి, నా ఉచ్చారణ విని వెంటనే తెలుగులోనికి మారెను. “అయ్యగారూ, మీదే ఊరండీ?” అని యడిగెను. ఈ హోసూరు పట్టణమున బజారులో తమిళము, బస్సులో కన్నడము, బ్యాంకులో ఇంగ్లీషు వినుటకు అలవాటుపడిన చెవికి ఆ ఒక్క తెలుగుమాట ఎంత ఇంపుగా నుండునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. అతడు వేసికొమ్మనిన యాప్‌ను ఫోనులో వేసికొంటిని. నమోదుకై పది రూపాయలు చెల్లింపుమనెను, చెల్లించితిని. పావుగంటలో నా ఖాతానుండి 6,400 రూపాయలు పోయినవి. సిగ్గుచేత మరునాటి వరకు ఇంటిలో ఎవరికిని చెప్పలేదు.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి అలమారలోనుండి వారంటీ కార్డును తీసికొనివచ్చి, “నాన్నా, నంబరు దీనిమీదనే ఉన్నది కదా!” అనెను. నిజమే. అసలు సంఖ్య కార్డుమీదను, అట్టపెట్టెమీదను కూడ అచ్చువేయబడి యుండెను. నేను పిలిచిన సంఖ్యకును ఆ కంపెనీకిని ఏ సంబంధమును లేదు. ఈ సంగతి పత్రికలో వ్రాయుట ఉపాధ్యాయునకు తగదని ఒక మిత్రుడు వారించెను గాని, దీనిని దాచి పాఠము మాత్రము చెప్పినచో అది సగము పాఠమే యగునని నాకు తోచినది.

తప్పు ఎక్కడ జరిగినది? పైన కనబడినది నిజమని నేను తలచితిని. శోధనయంత్రము గ్రంథాలయములోని జాబితా వంటిది కాదు. అందు పైవరుసలలో సొమ్ము చెల్లించి వేయించిన ప్రకటనలు ఉండవచ్చును. ఎవడైనను ఒక పుట కల్పించి దానిపై తన సంఖ్య వ్రాసికొనవచ్చును. ఆ యంత్రము వెదకి చూపునే గాని సాక్ష్యము చెప్పదు. కనుక మన మడుగవలసిన ప్రశ్న “ఇది పైన ఉన్నదా?” యని కాదు, “ఇది చెప్పినవారెవరు? చెప్పినదానికి వారు బాధ్యులా?” యని. సేవాకేంద్రపు సంఖ్య వస్తువుమీదనో, బిల్లుమీదనో దొరకినచో, దానికి బాధ్యుడు ఆ వస్తువును చేసినవాడే.

వెబ్ చిరునామాను చదువుటలో ఒక మెలకువ కలదు. మన తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుండును. అంతర్జాలపు చిరునామాలలో ఇంటిపేరు కొసనుండును. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రపు చిరునామా ‘కన్‌స్యూమర్‌హెల్ప్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్’. ‘గవ్ డాట్ ఇన్’ అను ఇంటిపేరు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఈయబడును. అయితే మోసగాడు ‘గవ్’ అను మాటను నడుమ నెక్కడనో చేర్చి, కొసను ‘డాట్ కామ్’ అనియో, మరియొకటియో పెట్టవచ్చును. అందుచే చిరునామాలో మొదటి వాలుగీతకు ముందున్న కొసను చూడవలెను. నడుమ నున్నదానిని చూచి మురిసిపోరాదు. ఇట్లే రిజర్వు బ్యాంకు 2025లో, బ్యాంకులన్నియు ఆ సంవత్సరము అక్టోబరు 31వ తేదీలోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ అను కొసకు మారవలెనని ఆదేశించినది.

ఇక వస్తువు మంచిదా కాదా యను విషయము. అంగడివాని మాటగాని, అంతర్జాలమున కొన్నవారు వ్రాసినట్లు కనబడు పొగడ్తలుగాని ప్రమాణములు కావు. ఆ పొగడ్తలలో కూలికి వ్రాసినవియు నుండును. వానికంటె వస్తువుమీది చిన్న అంకెలు మేలు. ప్రెషర్ కుక్కరును తిప్పి చూడుడు. ఐ.ఎస్.ఐ. ముద్రపైన ‘ఐ.ఎస్. 2347’ అని ఉండవలెను. అది కుక్కర్ల ప్రమాణపు సంఖ్య. ముద్రక్రింద ‘సి.ఎం./ఎల్.’ అను అక్షరములతో మొదలగు అనుమతి సంఖ్య యుండవలెను. ముద్రను ఎవడైనను అచ్చువేయగలడు. కాని భారతీయ ప్రమాణముల సంస్థవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ అను యాప్‌లో ఆ అనుమతి సంఖ్యను వ్రాసినచో, అది ఏ కర్మాగారమునకు, ఏ వస్తువునకు ఈయబడినదో తెలియును. ముద్ర యున్నను సంఖ్య లేనిచో, లేక ఆ సంఖ్య వేరొక వస్తువునకు చెందినదైనచో, ఆ కుక్కరును అంగడిలోనే విడిచి రండు. ఇది చిన్న విషయము కాదు. నాసిరకపు కుక్కరు వంటయింట ప్రేలును. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ప్రమాణములకు లోబడని కుక్కర్లను అమ్మనిచ్చినందుకు రెండు పెద్ద ఆన్‌లైన్ వర్తక సంస్థలను లక్ష రూపాయల చొప్పున అపరాధరుసుము చెల్లింపుమనియు, కొన్నవారికి సొమ్ము తిరిగి యిమ్మనియు ఆదేశించెను. పెద్ద అంగడి యన్నంత మాత్రమున పరీక్ష మానరాదు.

బంగారు నగలకును ఇదే పద్ధతి. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగపై అక్షరములును అంకెలును కలిసిన ఆరు గుర్తుల సంఖ్య తప్పక యుండవలెను. దానిని పైన చెప్పిన యాప్‌లోనే పరీక్షింపవచ్చును. నూనె, పిండి మొదలగు ఆహారపదార్థముల పొట్లములమీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల సంఖ్య యుండును.

ఇన్ని చూచి కొన్నను వస్తువు చెడవచ్చును. వర్తకుడు మాట తప్పవచ్చును. అప్పుడు మన ప్రాంతపు తెలుగువారు సాధారణముగ ఊరకుందురు. బిల్లు ఒక భాషలో, అర్జీ ఇంకొక భాషలో. “మనకెందుకీ గొడవ” అని తల్లిదండ్రులు అనుటను నేను ఎన్నిమారులో వింటిని. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన చిత్తూరు ప్రాంతమున ఈ జంకు ఇంతగా కానరాదు. నన్ను మోసగించినవాడు తెలుగు మాటాడెను, నిజమే. కాని తెలుగు మాటాడు అసలైన సహాయకేంద్రమును కలదు. 1915 అను సంఖ్యకు ఉదయము 8 గంటలు మొదలు రాత్రి 8 గంటల వరకు ఫోను చేయవచ్చును. 17 భాషలలో ఫిర్యాదు తీసికొందురు. వానిలో తెలుగు ఒకటి. ఇది న్యాయస్థానము కాదు. ఫిర్యాదును కంపెనీకి పంపి సమాధానము రాబట్టుటకు యత్నించును. చాలమంది పని అంతటితో తీరును.

తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. ఇచ్చట సరిహద్దువాసులు ప్రత్యేకముగ గమనింపదగినది ఒకటి యున్నది. మనము చీరలకు కుప్పమునకును, ఫోనులకు బెంగుళూరునకును పోవుదుము. 1986 నాటి చట్టము క్రింద, వర్తకుడున్న చోటనో, వివాదము పుట్టిన చోటనో ఫిర్యాదు చేయవలసి యుండెను. బెంగుళూరులో కొన్నవాడు బెంగుళూరునకే తిరుగవలసి వచ్చెడిది. 2020 జులై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి చట్టము, కొన్నవాడు నివసించు చోటనే ఫిర్యాదు చేయుటకు వీలు కల్పించినది. కావున హోసూరువాసి తన కృష్ణగిరి జిల్లాలోనే చేయవచ్చును. వస్తువునకు చెల్లించిన వెల 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషన్ విచారించును. 5 లక్షల వరకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలెనను నియమమును లేదు. వివాదము పుట్టిన రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేయవలెను. 2025 జనవరి 1న ఆరంభమైన ‘ఇ-జాగృతి’ ద్వారా ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. కాని బిల్లు లేనిచో ఇవన్నియు కష్టమగును. పదిరూపాయలు తగ్గునని బిల్లు వలదనుట మన బజారులలో పెద్ద జాడ్యము.

సొమ్మే పోయినచో 1915 కాదు, 1930కి ఫోను చేయవలెను. అది సైబరు మోసముల సంఖ్య. సొమ్ము మోసగాని చేతికి పూర్తిగ చేరకమునుపే తెలిపినచో, ఆ ఖాతాలో దానిని ఆపించుటకు వీలుండును. నేను సిగ్గుతో వ్యర్థము చేసిన ఆ ఒక్క రాత్రియే నా 6,400 రూపాయలను మ్రింగినది.

ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల విద్యార్థులు ఈ వారము ఇంటిలోని కుక్కరుమీది అనుమతి సంఖ్యను, ఒక నూనె పొట్లముమీది 14 అంకెలను, అమ్మగారు అనుమతించినచో ఒక నగమీది ఆరు గుర్తులను నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. నగను మాత్రము బడికి తేవలదు! మిక్సీకో, ఫ్యానుకో చెందిన వారంటీ కార్డు ఇంటిలో ఎక్కడ నున్నదో కూడ వెదకి వ్రాయుడు. పుస్తకములను సోమవారము తెలుగు పీరియడునకు తెండు. పాఠశాల కంప్యూటరులో అందరము కలిసి ఆ సంఖ్యలను పరీక్షింతము.